రేవు కాలేజీ గోలు వల

నేను ఒక వలని. చేపల వలని మాత్రం కాదు. ఆ ముక్క ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే నన్ను అల్లినవాళ్లకే ఆ తేడా చాలాకాలం ఒంటబట్టలేదు. బందరు హార్బరు దగ్గర పుట్టాను. రేవు కాలేజీ ఫుట్‌బాల్ గ్రౌండులో నా వయసంతా గడిచింది. ప్రస్తుతం ఒక కోళ్లదొడ్డికి కంచెగా ఉన్నాను. కోళ్లకి ఆటల మీద అభిప్రాయాలుండవు, ఆ రకంగా ఇక్కడ సుఖంగానే ఉంది. అభిప్రాయాలున్న మనిషి ముందు ఏళ్ల తరబడి వేలాడినదానికి తెలుస్తుంది ఈ సుఖం.

ఆ మనిషి పేరు కొల్లాటి ఏడుకొండలు. హార్బరు వీధిలో వలలు అల్లి, బాగుచేసి అమ్ముతాడు. నిజం చెప్పాలంటే అల్లేది ఆయన భార్య తిరపతమ్మ. ముడులు ఆవిడవి, మాటలు ఆయనవి. బోటు ఓనర్లు ఆయన మాటలు విని లోపలికొచ్చి, ఆవిడ ముడులు చూసి కొనుక్కుపోయేవాళ్లు. కొల్లాటోళ్ల వలలో పడ్డ చేప మళ్లీ నీళ్లు చూడదని రేవంతా చెప్పుకునేది. ఆ ఒక్క మాట మీదే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఒకనాడు రేవు కాలేజీ నుంచి ఆటల మాస్టారు ప్రభుదాసు గారొచ్చారు. కాలేజీలో ఆయన్ని పీడీ గారంటారు. గోలుకి వల కావాలి, పట్నం నుంచి తెప్పించడానికి పైవాళ్లు ఒప్పుకోవడం లేదు, మీరేమైనా అల్లిపెడతారా అని అడిగారు. ఏ చేపకండీ అన్నాడు ఏడుకొండలు. బంతికి అన్నారాయన. అది ఎంత లావుంటుంది, ఎంత జోరుగా వస్తుంది అని ఆరాలు తీసి, చోటు చూస్తేగానీ చెప్పలేనని ఆయన వెంట బయల్దేరాడు. వెళ్లేసరికి గ్రౌండులో మ్యాచి జరుగుతోంది, రేవు కాలేజీ ఓడిపోతోంది. ఓడిపోయేవాళ్లని చూస్తే కొందరికి జాలేస్తుంది, కొందరికి నవ్వొస్తుంది. ఏడుకొండలుకి సలహాలొచ్చాయి. కొలతలు తీసుకోవడం మర్చిపోయి ఇంటికొచ్చాడు గానీ, ఆ జట్టు ఎందుకు ఓడిందో మాత్రం అన్నం తింటున్నంతసేపూ భార్యకి చెప్పాడట. ఆవిడ విని, మజ్జిగ పోసి, కొలతలేవని అడిగింది.

మొత్తానికి తయారయ్యాను. ఆ ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. ఏ కొత్త వలైనా గడప దాటేముందు ఇల్లాలు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతిచ్చి, గంగమ్మకి మొక్కాలి. అలవాటు కొద్దీ తిరపతమ్మ నాకూ అన్నీ చేసింది. తల్లీ, ఈ వల ఎప్పుడు చూసినా నిండుగా ఉండాలి అని కళ్లు మూసుకుని మొక్కింది. నన్ను పట్టుకెళ్లడానికొచ్చిన ప్రభుదాసు గారు చెప్పులు విడిచి, మర్యాద కోసం తలొంచి, చివర్లో ఆమెన్ అన్నారు. గోలు వల నిండడమంటే ఏమిటో ఆ వాకిట్లో ఒక్కరికీ తట్టలేదు.

నిండాను. దానికి గంగమ్మ దాకా పోనక్కర్లేదనుకోండి, రేవు కాలేజీ జట్టు చాలు. గోలీని పొడుగు చూసి తీసుకున్నారు, ఆ అబ్బాయికి వంగడం రాదు. వెనక కాపు కాసే ఇద్దరూ ఏదో పరీక్షలో కాపీ విషయంలో పోట్లాడుకుని మాటలు మానేశారు, బంతి వాళ్ల మధ్యలోంచి దర్జాగా నడిచొచ్చేది. ప్రభుదాసు గారు మంచివారు. ఆయనకి ఫుట్‌బాలుతో పాటు కబడ్డీ, హాస్టలు, జెండా పండగలు, కాలేజీ తోటకి నీళ్లు, అన్నీ అప్పగించారు. మ్యాచి మధ్యలో మోటారు ఆపడానికి వెళ్లొచ్చేవారు.

ఏడుకొండలు మాత్రం ఒక్క మ్యాచి కూడా తప్పేవాడు కాదు. చేపల తట్ట ఒకటి తెచ్చి, సరిగ్గా నా వెనకాల బోర్లించి, దాని మీద కూర్చునేవాడు. అలా ఆయన అభిప్రాయాలన్నీ లోకం కంటే ముందు నాకు వినపడేవి. గ్రౌండు సముద్రం వైపు వాలుగా ఉందట, అందుకే బంతి మన గోలు వైపే వస్తుందట. హాఫ్ టైములో గోలు మారాక ఆ వాలు ఎటు పోయేదో ఆయన చెప్పేవాడు కాదు. హాస్టల్లో సాంబారు తాగి పరిగెత్తేవాడు ఎంతదూరం పరిగెడతాడని అడిగేవాడు. చొక్కాలు తెల్లగా రొయ్య పొట్ట రంగులో ఉన్నాయి, వాటిని చూసి ఎవడు భయపడతాడనేవాడు. రిఫరీలందరూ ముందే అమ్ముడుపోయారని ఆయన గట్టి నమ్మకం. రేవు కాలేజీని ఓడించడానికి డబ్బు ఖర్చు పెట్టాల్సిన అగత్యం ఎవరికుంటుందా అని నేను ఆలోచించేదాన్ని.

అన్నిటికంటే పెద్ద సిద్ధాంతం ఇంకోటుంది. "చేప ఎనకాల ఎవడన్నా ఈదుతాడా పీడీ గారూ? వలేసి నిలబడతాడు. వీళ్లంతా బంతి ఎనకాల పడి ఈదుతున్నారు" అనేవాడు. పోరు పడలేక ప్రభుదాసు గారు ఒకసారి సరే అన్నారు. ఆ రోజు మన కుర్రాళ్లు సముద్రం ఒడ్డున నిలబడి అలివి వల లాగేవాళ్లలా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు. అవతలివాళ్లు మొదట కంగారుపడ్డారు, తర్వాత మధ్యలోంచి నడిచి వచ్చి గోల్ కొట్టారు. ఆ తర్వాత కూడా చాలాసార్లు వచ్చారు. ఆ సాయంత్రం నాకు ఊపిరాడలేదు. వలలో తప్పు లేదు, లాగేవాళ్లకి బలం లేదని ఏడుకొండలు తేల్చేశాడు.

తిడుతున్నాడు కాబట్టి ప్రేమ లేదనుకునేరు. ఆ జట్టంటే ఆయనకి ప్రాణం. వానలో జరిగిన మ్యాచికి ఆయనొక్కడే ప్రేక్షకుడు, గొడుగు తన నెత్తిన కాకుండా కుర్రాళ్ల బ్యాగుల మీద పట్టుకున్నాడు. ఓడిన సాయంత్రం ఇంట్లో అన్నం సహించేది కాదు. ఏటా సెలవుల్లో నన్ను బాగుచేయడానికి ఇంటికి తీసుకెళ్లి వసారాలో వేలాడదీసేవాడు కాబట్టి ఆ సంగతి నాకు తిరపతమ్మ సణుగుడు వల్ల తెలుసు. ఒక్క మ్యాచి. రేవు కాలేజీ గెలవగా ఒక్క మ్యాచి చూడాలి. అంతకంటే ఆయన దేవుణ్ణి ఏమీ అడగలేదు.

అలా ఉండగా కాలేజీకి కొత్త ప్రిన్సిపాలు గారొచ్చారు. ఆయనకి ఫుట్‌బాలు గురించి ఏమీ తెలీదు గానీ పేపరు చదివే అలవాటుంది. జిల్లా పేజీలో తన కాలేజీ పేరు పక్కన ఓటమి అన్న మాట పదేపదే కనపడేసరికి ఒళ్లు మండింది. ఈ ఏడు టోర్నమెంటు మన గ్రౌండులోనే కదా, ఇందులోనూ అన్ని మ్యాచిలూ ఓడితే ఆ స్తంభాలు పీకించి అక్కడ స్కూటర్ల షెడ్డు వేయిస్తానని ప్రభుదాసు గారితో చెప్పేశారు. ప్రభుదాసు గారు ఆ కబురు నా ముందే ఏడుకొండలుకి చెప్పారు. ఏడుకొండలు తట్ట మీంచి లేచి, స్తంభాన్ని ఒకసారి చేత్తో ఊపి చూసి ఇంటికెళ్లాడు.

టోర్నమెంటు మొదలైంది. వరసగా ఓడారు. చివరి మ్యాచి ఒక్కటే మిగిలింది. దానికి ముందురోజు ఏడుకొండలు చిరుగులు కుట్టించడానికి నన్ను ఇంటికి తీసుకెళ్లాడు. తిరపతమ్మ ముడులు వేస్తుంటే ఎదురుగా కూర్చుని, గోలీని, సాంబారుని, రిఫరీలని వరసగా తిట్టుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. దీన్ని పంపేటప్పుడు ఏమని మొక్కావని అడిగాడు. ఏ వలకైనా మొక్కేదే మొక్కానంది ఆవిడ. ఆయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఇన్నేళ్ల ఓటమికి కారణం ఇదన్నమాట. వల నిండాలని మొక్కితే గంగమ్మ నింపుతోంది, పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది. మొక్కు వెనక్కి తీసుకోమన్నాడు.

తిరపతమ్మ ముడి బిగించి దారం కొరికింది. "వల నిండాలని మొక్కాను. ఎవరి చేపలని చెప్పలేదు. తల్లికిచ్చిన మాట వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదు. వల ఖాళీగా ఉండాలంటే నువ్వెళ్లి కుండలమ్ముకో" అంది.

నా మటుకు నాకు ఏ మహిమా లేదు. గ్రౌండుకి అవతలి గోలులో ఉన్న పాత వలకి పసుపూ లేదు, కుంకుమా లేదు. అందులోకి కూడా మన కుర్రాళ్లు అంతే ఉదారంగా గోల్స్ ఇచ్చేవాళ్లు. కానీ మనిషికి కారణం దొరికాక లెక్కలతో పని లేదు. ఎవరి చేపలని చెప్పలేదన్న భార్య మాట ఏడుకొండలు బుర్రలో పడింది. మన జట్టు ఎటు గోల్ కొట్టాలో అటు నన్ను కట్టాలి, హాఫ్ టైములో వైపులు మారగానే విప్పి అవతలికి మోసుకెళ్లాలి, అక్కడి పాతదాన్ని ఇవతలికి తేవాలి. మొక్కూ నిలబడుతుంది, జట్టూ నిలబడుతుంది. ప్రభుదాసు గారికి సగమే చెప్పాడు, ఆ సగానికే ఆయన తల పట్టుకుని, మీ ఇష్టమన్నారు.

మ్యాచి రోజు రేవంతా వచ్చింది. స్తంభాలు పీకేస్తారన్న కబురు అందరికీ తెలిసింది. గెలుపు చూడ్డానికి రానివాళ్లు పీకడం చూడ్డానికి వస్తారు. ఏడుకొండలుకి కాస్త ఎడంగా బోటు ఓనర్ల సంఘం ప్రెసిడెంటు నాంచారయ్య నిలబడ్డాడు. కొత్త బోటుకి పెద్ద వల ఏడుకొండలు దగ్గరే చేయిస్తానని ఆ వారమే మాట ఇచ్చిన మనిషి.

మొదటి సగంలో నేను ఖాళీగా ఉన్నాను. చిత్రమేమిటంటే అవతలి వల కూడా ఖాళీగానే ఉంది. మన పొడుగు గోలీ ఆ రోజు వంగాడు. మాటల్లేని ఇద్దరూ మాట్లాడుకోకపోయినా అరుచుకున్నారు. స్తంభాల భయం అందరికీ ఉన్నట్టుంది. హాఫ్ టైము ఈల పడగానే ఏడుకొండలు నన్ను విప్పి భుజానేసుకుని పరిగెత్తాడు. అవతలి వైపు, వెనక నేలలో దిగ్గొట్టే మేకులు సగం లేవు. టైము లేదు. దూరంగా వదులుగా కట్టాల్సినదాన్ని స్తంభాలకి దగ్గరగా లాగి, బోటుకి మోకు బిగించినట్టు శక్తికొద్దీ బిగించేశాడు. మంచం నవారులా బిగుసుకుపోయాను. రిఫరీ వచ్చి ఒకసారి చూసి, ముడులు గట్టిగా ఉన్నాయని మెచ్చుకుని పోయాడు.

ఆట ఇక కాసేపట్లో అయిపోతుందనగా బంతి మస్తానుకి దొరికింది. మస్తాను మన జట్టులో ముందుండి ఆడే కుర్రాడు, కాలేజీలో చివరి ఏడాది. చేరినప్పట్నించీ ఆడుతున్నాడు, ఒక్క గోల్ కూడా కొట్టలేదు. ఏడుకొండలు ఎక్కువ తిట్లు దాచుకునేది అతని కోసమే. ఆ రోజు మాత్రం అతను తలెత్తి చూసి, పక్కవాణ్ణి తప్పించి కొట్టాడు. బంతి గోలీ చెయ్యి దాటి, పై బారు కిందుగా లోపలికొచ్చి నాకు తగిలింది. పూర్తిగా లోపలికొచ్చింది. నేను పట్టుకోలేకపోయాను. అంత బిగుతుగా ఉన్నదాన్ని ఏం చేయగలను, వచ్చినంత జోరుగా వెనక్కి కొట్టాను. అవతలి గోలీ దాన్ని పట్టుకుని దూరంగా తన్నేశాడు.

రిఫరీకి పడమటి ఎండ కళ్లలో కొడుతోంది. జనం బారుకి తగిలిందన్నారు. మస్తాను మాత్రం చేతులు పైకెత్తి అలాగే నిలబడ్డాడు. కుర్రాళ్లందరూ రిఫరీని చుట్టుముట్టారు. ఆయన పెద్దమనిషి, ఏ సంగతీ తేల్చుకోలేక ఆట ఆపి నా దగ్గరికి నడిచొచ్చాడు. సరిగ్గా వల వెనకాల ఉన్నది ఏడుకొండలు ఒక్కడే, ఆయనే చూసి ఉంటాడని ప్రభుదాసు గారే అన్నారు.

ఈలోగా నాంచారయ్య నవ్వాడు. "ఏరా, బంతి లోపలికెళ్లి బయటికొచ్చిందంటున్నారు. కొల్లాటోళ్ల వల చేపని ఉమ్మేస్తదా ఏంటి?" అన్నాడు. చుట్టూ ఉన్న బోటు ఓనర్లంతా నవ్వారు.

రిఫరీ అడిగాడు. ఏడుకొండలు నా వంక చూశాడు, నాంచారయ్య వంక చూశాడు, మస్తాను వంక మాత్రం చూడలేదు.

"బారుకి తగిలిందండి" అన్నాడు.

నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు.

మ్యాచి గోల్స్ లేకుండా ముగిసింది. గెలవలేదు గానీ ఓడలేదు. ఓడితే పీకిస్తానన్నారు కదా, ఓడలేదు, కాబట్టి స్తంభాలు మిగిలాయి. ఆ కాలేజీలో ఓడకపోవడం ఎవరూ ఎరగని వింత. గోలీని భుజాల మీద ఊరేగించారు. మాటల్లేని ఇద్దరూ కావలించుకున్నారు. ఏడుకొండలు ఇన్నేళ్లు ఏ సాయంత్రం కోసం కాచుకున్నాడో ఇంచుమించు అలాంటి సాయంత్రమే వచ్చింది, ఆయన మాత్రం తట్ట తీసుకుని వెళ్లిపోయాడు. నన్ను విప్పడం కూడా మర్చిపోయాడు.

ఓడనందుకు మర్నాడే సన్మానం పెట్టారు. మనవాళ్లకి సన్మానానికి కారణం దొరకడం ఎంతసేపు. నా ముందే బల్లలు వేసి, మైకు పెట్టి, కుర్రాళ్లని వరసగా నిలబెట్టారు. నాంచారయ్య ముఖ్య అతిథి. ప్రిన్సిపాలు గారు చాలాసేపు మాట్లాడి, చివర్లో హాస్యం కోసం, మన మస్తాను ఒక్క బెత్తెడు కిందికి కొట్టి ఉంటే గెలిచేవాళ్లమే, అంత దగ్గర్నుంచి బారుకి కొట్టడం కూడా ఒక కళే అన్నారు. గ్రౌండంతా నవ్వింది. జట్టు కూడా నవ్వింది. వరస చివర్లో మస్తాను కూడా నవ్వబోయి, నవ్వు రాక తలొంచుకున్నాడు. తప్పు తనదేనని అప్పటికే ఒప్పేసుకున్న మొహం అది. చూస్తే నాకే కష్టమేసింది, నేనేమో దారాన్ని.

తర్వాత జట్టుకి ఇన్నేళ్లు అండగా నిలిచిన అభిమాని అంటూ ఏడుకొండలుని పిలిచి శాలువా కప్పారు. రెండు ముక్కలు మాట్లాడమన్నారు. రెండు ముక్కలతో ఆయన ఆపడని ప్రభుదాసు గారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

ఏడుకొండలు మైకు పట్టుకుని మస్తాను వైపు తిరిగాడు. తర్వాత చెప్పాడు. "మస్తాను కొట్టింది గోలే. బంతి లోపలికి వచ్చింది. వల నేను బిగించి కట్టాను, అది ఉమ్మేసింది. నా కళ్లతో చూసి కూడా బారుకి తగిలిందని చెప్పాను. పేరు పోద్దని చెప్పాను."

నాంచారయ్య మొహం చూస్తే ఆ కొత్త బోటు వల వేరే ఇంట్లో అల్లబడుతుందని తెలిసిపోయింది. తర్వాత అలాగే అయింది, రేవులో ఆ ఇంటికి ఉమ్మేసే వలల ఇల్లని పేరు కూడా పడింది. ఆడవాళ్లలో కూర్చున్న తిరపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రిన్సిపాలు గారు పక్కకి వంగి, అంటే మనం ఓడిపోయినట్టా అని ప్రభుదాసు గారిని అడిగారు. కాదండి, గెలిచినట్టు అని ఆయన చెబితే, మరి దీనికింత బాధెందుకని ఆశ్చర్యపోయారు. రిఫరీ రాసిన ఫలితం మాత్రం రాసినట్టే ఉంది. దాన్ని ఎవరూ మార్చలేదు, మార్చరు కూడా.

మస్తాను వరసలోంచి బయటికొచ్చాడు. కొడతాడేమోనని ప్రభుదాసు గారు లేచి నిలబడ్డారు. ఏడుకొండలు కదల్లేదు, కొట్టనిద్దాం అన్నట్టే నిలబడ్డాడు.

"నిజంగా లోపలికెళ్లిందా బాబాయ్?" అన్నాడు మస్తాను.

"ఎల్లింది నాయనా."

కుర్రాడు ఇంకో అడుగు దగ్గరికొచ్చాడు. "రాత్రి మా అమ్మ పోనీలేరా అంది. నేను ఏడ్చాను. ఇప్పుడు నేనెళ్లి చెప్తే నన్ను ఓదార్చడానికి ఎవరో అన్నారనుకుంటుంది. మీరే వచ్చి చెప్పండి" అన్నాడు.

ఏడుకొండలు శాలువా తీసి మడతపెట్టి కుర్చీలో ఉంచాడు. ఫొటో తీసేవాడు పిలుస్తున్నా ఇద్దరూ వినిపించుకోకుండా గేటు వైపు నడిచారు, ముందు మస్తాను, రెండడుగుల వెనకగా ఆయన. రేవు కాలేజీ గెలిచింది అన్న మాట ఎవరికైనా చెప్పాలని ఆ మనిషి ఎన్నేళ్లు కాచుకున్నాడో నాకు తెలుసు. ఇన్నాళ్లకి ఆ మాట చెప్పడానికి వెళ్తున్నాడు, కాళ్లు ముందుకి పడటం లేదు.